అడ్డు వస్తువు ఒకటి

ఈ పూట చేయాల్సినవి: ప్రొజెక్టర్ వైరు వదులుగా ఉంది, దానికి టేపు చుట్టాలి. ఏసీ ముందే వేసి ఉంచాలి. నీళ్ల సీసాలు, సమోసాలు క్యాంటీన్‌లో చెప్పాలి. హారిక మేడం చక్కెర లేని చాయ్ తాగుతారట, అది వేరే చెప్పాలి. తెర మీద ‘ధర్మసాగర్ బేస్’ అన్న అక్షరాలు కాస్త పెద్దవి చేయాలి. సిమ్యులేషన్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆగకుండా నడిపి చూడాలి, గుంత కూలే భాగంతో సహా. డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మేడం చేతికివ్వాలి. మొహం మామూలుగా పెట్టుకోవాలి. ఈ చివరిది సార్ చెప్పిన పని కాదు గానీ, చెప్పినంత పనే.

అన్నీ అయ్యాయి, పెన్‌డ్రైవ్ ఇవ్వడం, ఆ నడిపి చూడడం తప్ప. ఇప్పుడే మొదలుపెట్టాను. ముగియడానికి గంట పడుతుంది. ఈ డేటా కోసం హైదరాబాద్ నుంచి వచ్చే కంపెనీ వాళ్ల కారు జనగామ దాటిందని మా ప్రొఫెసర్ కిషన్ రావు సార్ ఫోన్ చేశారు, అంటే వాళ్లకూ ఇంచుమించు గంటే. హనుమకొండలో ఈ కాలేజీ రెండో అంతస్తు, పరదాలు దించిన ల్యాబ్, నేను, నా ముందు గోడంత తెర, తెర మీద ఎర్రటి నేల. దాని మీద ఆరు యంత్రాలు కదులుతున్నాయి. ఒకటి మట్టి తవ్వుతుంది, ఒకటి మోస్తుంది, ఒకటి ఆ మట్టినే కరిగించి ఇటుకలా పేరుస్తుంది. మనిషి అంగారకుడి మీద కాలు పెట్టకముందే యంత్రాలు పోయి అతనికి ఇల్లు కట్టి పెట్టాలి. ఎక్కడ కూలుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియాలి కాబట్టి ముందు కంప్యూటర్‌లో కట్టి చూస్తాం. ఇదీ మా ప్రాజెక్టు. ఇందులో నేను రీసెర్చ్ అసిస్టెంట్‌ని, పేరు పద్మలత. మా ఇంట్లో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి మనిషిని. ఏడాదికోసారి సార్ సంతకం పెడితే ఈ ఉద్యోగంలో ఉంటాను, లేకపోతే లేను. ఈసారి సంతకం వచ్చే వారం.

సార్ మొదటి స్లైడు మీద ఒకే వాక్యం ఉంటుంది: ఒక్క మనిషి చెయ్యి పడని ఇల్లు. ఆ స్లైడు రాగానే హాలంతా చప్పట్లు కొడుతుంది, నేను కూడా కొడతాను, కొట్టకపోతే బాగుండదు కదా. కానీ ప్రతిసారీ ఒకటే అనుకుంటాను. చెయ్యి పడకపోవడం ఎప్పటి నుంచి గొప్పయింది. మా అమ్మ కట్టమ్మ ఇటుకలు మోసిన ఇళ్లు ఇక్కడే సుబేదారిలో ఎన్ని ఉన్నాయో, వాటిలో ఒక్కదానికి కూడా రంగులు వేశాక ఆమె లోపలికి పోలేదు. రమ్మన్నవాళ్లు లేరు, పోతానని ఆమె అడగలేదు. బస్సులో పోతుంటే మాత్రం కిటికీలోంచి చూపిస్తుంది, గదిగో గా ఇల్లు నేనే కట్టిన, గా మూడంతస్తులది నేనే, గా జామచెట్టు ఇంటిది సగం నేను సగం సమ్మక్క. ఆ ఇళ్ల వాళ్లూ గృహప్రవేశం నాడు ఇదే మాట అనుకుని ఉంటారు, ఎవరి చేతులూ కనిపించని ఇల్లు ఎంత అందంగా ఉందో అని. అది చెప్పుకోవడానికి అంగారకుడిదాకా పోవడం ఎందుకు.

నాలుగో యంత్రం వాలు మీద జారింది. ఇది కావాలని పెట్టిందే, ప్రమాదం వస్తే మిగతావి ఎలా సర్దుకుంటాయో చూపించాలి కాబట్టి. చక్రాలు తిరుగుతున్నాయి, ఇసుక లోపలికి లాగుతోంది, అయిపోయింది. తెర అడుగున ఎర్ర అక్షరాలు వరుసగా వస్తున్నాయి: యంత్రం నాలుగు, ఆగిన చోటు, ఆగిన వేళ, కారణం, చివరిసారి దానికి ఆదేశం ఇచ్చింది ఏది, ఆ ఆదేశం తప్పా ఒప్పా. చివరి రెండింటి కోసం మా నిఖిల్ రెండు వారాలు నిద్ర మానుకున్నాడు. నిఖిల్ నాతో పాటు పని చేసే పిల్లవాడు, కోడు బాగా రాస్తాడు, నన్ను అక్కా అంటాడు. సార్ అతని వెనకాల నిలబడి, ‘ఎవరి తప్పు వల్ల పోయిందో తెల్వకుంటే ఎట్లనయ్యా, రేపు ఇంకోటి పోతది’ అన్నారు. సరైన మాటే. ఆ రోజు నేను దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. లేని యంత్రం, లేని ఇసుకలో, లేని చక్రాలతో కూరుకుపోతే దానికి ఇంత విచారణ. సుబేదారిలో మా నాయిన మీద సెల్లార్ గుంత కూలి ఆయన చనిపోతే, ఎవరు దిగమన్నారని అడిగిన మనిషి లేడు. బిల్డర్ ఒకే మాట అన్నాడు, ఆయన మా మనిషి కాదు, ఎందుకు దిగిండో మాకు తెల్వదు. ఎందుకు దిగుతాడు మనిషి, తెల్లవారి లేచి టిఫిన్ డబ్బా కట్టుకుని, చేతిలో పార పట్టుకుని, వేరేవాళ్ల గుంతలోకి.

పేరు ఉంటే అలా అనగలిగేవాడు కాడేమో. నాయినకు అక్కడ పేరు లేదు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడితే మేస్త్రీలు పేర్లతో పిలవరు, ఊళ్లతో పిలుస్తారు. ఓ ధర్మసాగర్, ఇటు రా. ఓ నర్సంపేట, నువ్వు ట్రాక్టరెక్కు. అందరికీ అదే అలవాటు, ఎవరూ తప్పు పట్టరు. నాయిన ఒకసారి మేస్త్రి గట్టయ్యను అడిగాడట. ‘అన్నా, నా పేరు రాజమల్లు, జర పేరుతోని పిలువరాదే’ అంటే గట్టయ్య, ‘గీ అడ్డ మీద రాజమల్లులు నలుగురున్నరు తమ్మీ, మరిపెడ నువ్వొక్కనివే. పిలువనీకి ఏది అల్కగుంటది చెప్పు’ అన్నాడట. నాయిన ఆ రాత్రి అన్నం తింటూ అది చెప్పి ఒకటే నవ్వడం. ‘ఇగ ఫికర్ లేదు బిడ్డా, మరిపెడ బస్టాండు నాదే, మరిపెడ పోలీస్ ఠాణా నాదే.’ అమ్మ ఊరుకోదు కదా. ‘ఠాణా నీదైతే పొయ్యి అండ్లనే పండుకో, గిన్నెలు తోమేటిది తప్పుతది నాకు.’ అసలు మాది మరిపెడ కూడా కాదు. మరిపెడలో బస్సు దిగి, ఎరువుల దుకాణాలు దాటి, చెలకల మధ్య నుంచి ఇంకా చాలా దూరం నడవాలి. అంత వివరం అడ్డా మీద ఎవరికి కావాలి, మరిపెడ అంటే చాలు.

అందుకే అమ్మకు తెలియలేదు. ఆ రోజు అమ్మ అదే రోడ్డులో ఇంకో బిల్డింగు మీద ఉంది. గుంత కూలిందని అరుపులు వినిపిస్తే తట్ట దించి అందరితో పాటు ఉరికింది. ఎవలు పడ్డరు అని అడిగింది. ఎవలో మరిపెడాయనంట అన్నారు. అమ్మ గుండె మీది నుంచి బరువు దిగిందట, తనే చెప్పింది, నా పెనిమిటి కాదు కదా అనుకున్ననే అని. ఎందుకంటే మేం మరిపెడ వాళ్లం కాము, నవ్వుకున్న ఆ అడ్డా పిలుపు ఆ క్షణాన ఆమెకు తట్టనే లేదు. నాయిన అడ్డా నుంచి ఎటు పోయాడో ఆమెకు తెలియదు, ఇద్దరినీ వేర్వేరు మేస్త్రీలు తీసుకుపోయారు. జేసీబీ వచ్చేదాకా అమ్మ అక్కడే ఉండి మట్టి తీస్తున్న వాళ్లకు బిందెతో నీళ్లు తెచ్చి పోసింది. వచ్చిన వాళ్లనల్లా అడిగింది, ‘ఆయన పెండ్లానికి ఎవలన్న చెప్పిన్రా? పాపం ఎక్కడ పని చేస్తాందో, ఇంక తెల్వదేమో ఆమెకు.’ పక్కనున్న ఆడవాళ్లతో కలిసి ఆ తెలియని ఆమె కోసం ఏడ్చింది కూడా. గట్టయ్య వచ్చి ఆమె ముందు నిలబడి, ఆమె చేతిలోని బిందె తీసుకుని కింద పెట్టాడు.

ఇక్కడికి వచ్చేసరికి నా తలలో ప్రతిసారీ ఒకటే జరుగుతుంది, ఆ బిందె కింద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది, నేను అక్కడ లేను, అయినా వినిపిస్తుంది. తెర చూడు పద్మలతా. రెండో గుమ్మటం, అంటే రెండో ఇల్లు, సగం అయింది. యంత్రాలు ఐదే ఉన్నా ఆరింటి పని సర్దుకున్నాయి. బాగుంది. గోడ వంపు దగ్గర కొంచెం మెలిక పోయేది, దాన్ని సరిచేసింది నేనే, సార్‌కు కూడా తెలుసు. ఈ పని మీద నాకు ప్రేమ లేదని అనుకోకండి, ఉంది. ఎర్ర నేల మీద ఏమీ లేని చోట ఒక గోడ లేస్తుంటే ఇప్పటికీ మొదటిసారి చూసినట్టే చూస్తాను. దీని కోసం చదివాను. నాయిన దీని గురించి అడిగేవాడు, గక్కడ కూలికి ఎవలు పోతరు బిడ్డా అని. ఎవరూ పోరు నాయినా, యంత్రాలే అంటే, మంచిగైంది, గంత దూరం బస్సు దొరకదు అనేవాడు.

ఈ చోటికి ధర్మసాగర్ అని పేరు పెట్టింది సార్. అంగారకుడి మీది చిన్న గుంటలకు భూమ్మీది చిన్న ఊళ్ల పేర్లు పెట్టే ఆనవాయితీ ఉందట, మనం కూడా ఉత్తుత్తిగా ఒకటి పెడదాం అన్నారు. రోజూ మనం తాగే నీళ్లు అక్కడివే కదా అని ధర్మసాగర్ అనుకున్నాం. ఇంకో గుంటకు ఏం పెడదామంటే నిఖిల్ నా వైపు చూసి, ‘అక్కా, మీది మరిపెడ సైడే కదా, మరిపెడ పెడదామా?’ అన్నాడు. వద్దు అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఊరి పేరు కోట్ల మైళ్లు పోతుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఊరికే నవ్వుతూ పెట్టేయొచ్చు. మనిషి పేరు అడ్డా నుంచి గుంతదాకా కూడా పోలేదు.

ఇక అసలు సంగతి, ఒక వీడియో. అంగారకుడి మీద గుంత ఎలా కూలుతుందో మేం లెక్కగట్టి చూపిస్తే ఎవరు నమ్ముతారు, చూసొచ్చినవాళ్లు లేరు. అందుకని ముందు అదే లెక్కతో భూమ్మీద నిజంగా కూలిన ఒక గుంతను కంప్యూటర్‌లో కూల్చి, రెండూ ఒకేలా ఉన్నాయని చూపించాలి. అందుకు నిజంగా కూలిన గుంత వీడియో కావాలి. నిఖిల్ వెతికి తెచ్చాడు, ఎదుటి షాపు సీసీ కెమెరాలో పడింది, ఆ వారమంతా వరంగల్‌లో ప్రతి ఫోనులో తిరిగిందే. నేను అప్పట్లో చూడలేదు, అమ్మను చూడనివ్వలేదు. ల్యాబ్‌లో అతను తెర మీద వేశాడు. మట్టి అంచు, దాని కింద వంగి ఉన్న ఒక మసక ఆకారం, తలకు గళ్ల రుమాలు, ఎడమ చెవి మీదికి దించి చుట్టింది. మా నాయిన రుమాలు ఎడమ చెవి మీదికి దించి కట్టేవాడు, చెవిలో చల్లగాలి పోతే నొప్పి లేస్తుందని. నిఖిల్‌కు ఏం తెలుసు. అతను మట్టి ఎలా జారిందో చూస్తున్నాడు. ‘మధ్యలో ఏదో అడ్డం ఉంది అక్కా, మట్టి రెండు పాయలైతాంది, దాన్ని పెట్టకపోతే మన లెక్క కలుస్తలేదు’ అని, అక్కడ గుండ్రటి దిమ్మెలాంటి సిలిండర్ ఒకటి గీసి, పక్కన రాశాడు: అడ్డు వస్తువు ఒకటి. దాని బరువు ఎంత పెడదాం అన్నాడు.

బరువు నాకు తెలుసు. మరిపెడలో ఎరువుల దుకాణం ముందు పత్తి తూచే కాంటా ఉండేది. చిన్నప్పుడు పత్తి నింపిన బోరాలన్నీ తూచాక నాయిన నన్ను కాంటా మీద నిలబెట్టేవాడు, దుకాణం సేటు శ్యాంసుందర్, ‘ఏం రాజమల్లూ, బిడ్డను గూడ అమ్ముతవా?’ అంటే, ‘నువ్వు కొనలేవు సేటూ’ అనేవాడు. తర్వాత తనూ ఎక్కేవాడు, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, అలా చేస్తే బరువు తగ్గుతుందన్నట్టు. అరవై కిలోలు దాటని మనిషి, ఎప్పుడూ. నా నోటి నుంచి ఆ అంకె వచ్చింది, నిఖిల్ టైపు చేశాడు, మట్టి రెండు పాయలై సరిగ్గా వీడియోలోలాగే జారింది. ‘పర్ఫెక్ట్ అక్కా’ అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వెనకే వచ్చాడు, ఏమైందక్కా అన్నాడు, చెప్పాను. పక్క మెట్టు మీద కూర్చుని, ‘నాకు ఎరుక లేదక్కా, నీ మీద ఒట్టు’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

కోపం సార్ చెప్పిన జవాబు మీద. నేనడిగింది చాలా చిన్నది. వీడియో తీసేయమనలేదు, ప్రాజెక్టు ఆపమనలేదు. ఆ డేటాలో ‘అడ్డు వస్తువు ఒకటి’ అన్నచోట మనిషి అని రాయండి, పేరు రాజమల్లు అని రాయండి అన్నాను. ఆ డేటా ఇవాళ కంపెనీకి పోతుంది, అక్కడి నుంచి ఎన్ని దేశాలకు పోతుందో, వందల మంది ఆ గుంతను మళ్లీ మళ్లీ కూల్చి చూసుకుంటారు, ఆ సిలిండర్ మీద మట్టి పడుతూనే ఉంటుంది. పడే ప్రతిసారీ అది ఎవరో తెలిసి పడనివ్వండి అన్నాను. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు, నాకు ఫీజు కట్టలేనప్పుడు సాయపడ్డ మనిషి, అదే నా నోరు కట్టేస్తుంది. ‘చూడమ్మా, నీ బాధ నాకు అర్థమైతది. కానీ మనిషి అని రాస్తే ఆ మనిషి ఇంటోళ్ల పర్మిషన్ ఏది అంటరు, కమిటీ అంటరు, ప్రాజెక్టు ఆరు నెలలు ఆగుతది. వస్తువు అంటే ఎవ్వడూ అడగడు.’ తర్వాత వాతావరణం తేలిక చేద్దామనుకున్నారేమో, ‘ఏం, మీ నాయిన పేరు అంగారకుని మీద రాయాల్నా?’ అని నవ్వారు. వద్దు సార్, ముందు భూమ్మీద రాయండి అని నేను అనలేదు. వస్తువు అంటే ఎవ్వడూ అడగడట. పర్మిషన్ అడగాల్సి వస్తుందని మనిషిని వస్తువు చేయొచ్చట. ఇంత చదువూ చదివి నేను నేర్చుకున్నది ఇదా.

మెట్ల మీద బూట్ల చప్పుడు. అప్పుడే వచ్చేశారా. మూడో గుమ్మటం పూర్తయింది, ఎర్ర నేల మాయమై తెర మీద మామూలు గోధుమరంగు నేల వచ్చింది, చివరి భాగం, సుబేదారి. ఆపడానికి చెయ్యి మౌస్ మీదికి పోయింది, తలుపు తెరుచుకుంది. సార్, నిఖిల్, వెనకాల కంపెనీ తరఫున ఇంజినీరు హారిక మేడం, ఇంకో ఇద్దరు. ‘ఆపకు పద్మలతా, నడవనీ’ అన్నారు సార్. ‘మేడం, ఇది మా వ్యాలిడేషన్ కేసు. లోకల్ ఫీల్డ్ డేటా.’

పక్కపక్కన రెండు గడులు. ఒకదానిలో మా లెక్క, ఒకదానిలో సీసీ కెమెరా మసక బొమ్మ. అంచు పగిలింది, మట్టి కదిలింది, మధ్యలో రెండు పాయలై మళ్లీ ఒకటైంది, రెండు గడుల్లోనూ ఒకేసారి. హారిక మేడం ముందుకు వంగారు. చాలా దగ్గరగా వచ్చింది అన్నారు, నిజంగా మెచ్చుకుంటూ. తర్వాత సిలిండర్ మీద వేలు పెట్టి, ‘ఇది ఏ మెటీరియల్? కాంక్రీటా, చెక్కా? ఇంత మెత్తగా వంగుతోందేంటి?’ అని అడిగారు. సార్‌ను కాదు, కంప్యూటర్ దగ్గర కూర్చున్నది నేను కాబట్టి నన్ను. సార్ ‘స్టాండర్డ్ ఆబ్జెక్ట్ మేడం’ అంటున్నారు. నాకు సంతకం గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది, అమ్మ ఇప్పుడు కూడా అడ్డా మీదే ఉంటుంది. అది ధైర్యం ఏమీ కాదు. అడిగితే జవాబు చెప్పడం నాకు బడి నుంచీ అలవాటు, అంతే.

‘మనిషి మేడం’ అన్నాను. ‘మా నాయిన. పేరు బొల్లం రాజమల్లు.’

మేడం వేలు వెనక్కి తీసుకున్నారు, వేడి తగిలినట్టు. ఆమె కళ్లలో ఒక్క క్షణం ఏదో కదిలింది, నాతో మాట్లాడతారనుకున్నాను. మాట్లాడింది సార్‌తో. ‘ఈ ఫైల్ ఇప్పుడు మేం తీసుకోలేం. మా లీగల్ వాళ్లు ఒప్పుకోరు. మీరు అది లేకుండా చేసి పంపండి.’ సార్ నా వైపు చూడకుండా, ‘పద్మలతా, చాయ్ వచ్చిందేమో చూడమ్మా’ అన్నారు.

చూశాను. చాయ్ వచ్చింది, ఇచ్చాను, చక్కెర లేనిది మేడం ముందు పెట్టాను. వాళ్లు తాగి, నవ్వి, మిగతావన్నీ బాగున్నాయని చెప్పి వెళ్లిపోయారు. ఇప్పుడు నిఖిల్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, సార్ అతని వెనక నిలబడ్డారు. ఆ సిలిండర్ తీసెయ్, ఖాళీ గుంత పెట్టు అంటున్నారు. నిఖిల్ తీసేశాడు. మట్టి ఒకే పాయగా జారి కింద పడింది. ‘సార్, తీసేస్తే వీడియోతోని కలుస్తలేదు’ అన్నాడు మెల్లగా, నన్ను చూడలేక. సార్ తెర మీదికి వంగి, ‘వీడియోల ఆ ఆకారం కనపడే ముక్క కట్ చెయ్యి. మట్టి రాపిడి జర పెంచు, కలుస్తది’ అన్నారు.

కలుస్తుంది, నాకు తెలుసు. రాపిడి పెంచితే మట్టి తనంతట తనే రెండు పాయలైనట్టు కనిపిస్తుంది. వస్తువుగానైనా ఉన్న మనిషి ఇప్పుడు అది కూడా కాదు. బిల్డర్ చెప్పిన మాటనే ఇంత చదువుకున్నవాళ్లం ఇంత కష్టపడి లెక్కగట్టి నిజం చేస్తున్నాం. కొద్దిసేపట్లో ఆ ఫైలు హైదరాబాద్ పోతుంది, అక్కడి నుంచి ఇంకెక్కడికో, అంగారకుడి మీద ఇళ్లు కట్టాలనుకునే వాళ్లందరి దగ్గరికీ పోతుంది, ఎవరూ ఏమీ అడగరు, గుంత శుభ్రంగా ఉంటుంది. నేను ఆ ఫైలును ఆపలేను. ఇది మాత్రం రాయగలిగాను. ఇది చదివిన మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా, మట్టి కూలే ఆ బొమ్మ చూస్తే, దయచేసి నమ్మకండి. ఆ గుంత ఖాళీగా లేదు. అందులో బొల్లం రాజమల్లు ఉన్నాడు. గుర్తుపెట్టుకోండి.